పాత మినీ కంప్యూటర్ల మరమ్మతు

మినీ కంప్యూటర్ పేరుకే మినీ. 1960ల నడిమి నుంచి 1980ల చివరిదాకా ప్రయోగశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసిన ఈ యంత్రం ఇనుప బీరువా అంత ఉంటుంది. గది మొత్తం ఆక్రమించే మెయిన్‌ఫ్రేమ్ పక్కన నిలబెడితేనే అది చిన్నది. మెయిన్‌ఫ్రేమ్‌కు చల్లబరిచిన హాలు, దాన్ని చూసుకునే సిబ్బంది కావాలి. మినీని మాత్రం ఒక శాస్త్రవేత్త తన ప్రయోగం పక్కనే పెట్టుకుని, ముందుపలక మీది స్విచ్చులు తానే నొక్కి వాడుకోగలిగాడు. కంప్యూటర్ ముందు మనిషి నేరుగా కూర్చోవడం చాలా దేశాల్లో ఈ యంత్రాలతోనే అలవాటైంది.

ఎప్పుడో ఆగిపోయిన ఇలాంటి యంత్రాన్ని సంపాదించి, శుభ్రం చేసి, లోపం వెతికి పట్టుకుని, ఆనాటి ప్రోగ్రాములతోనే మళ్లీ నడిపించడం అమెరికా, యూరప్‌లలో ఎందరికో ఇష్టమైన వ్యాపకం. ఇది సాధ్యం కావడానికి కారణం యంత్రం నిర్మాణంలోనే ఉంది. ఇప్పటి ఫోన్‌లో ప్రాసెసర్ అంటే ఒక్క చిప్. అది పాడైతే లోపలికి వెళ్లి బాగుచేసే దారి లేదు. తొలితరం మినీల్లో ప్రాసెసర్ పదుల సంఖ్యలో సర్క్యూట్ బోర్డుల మీద పరుచుకుని ఉంటుంది. కూడిక ఒక బోర్డు మీద, ఆదేశాన్ని విడమర్చే పని మరో బోర్డు మీద జరుగుతాయి. వాటి వెనుక వేలాది సన్నని తీగలు పిన్నుల చుట్టూ చుట్టి ఉంటాయి. ఏ తీగ మీదైనా ఆసిలోస్కోప్ మొన ఆనించి, అక్కడ ఏం జరుగుతోందో చూడవచ్చు. కొన్నప్పుడు యంత్రంతోపాటు ప్రతి బోర్డుకూ సర్క్యూట్ చిత్రం అచ్చులో ఇచ్చేవారు. కంప్యూటర్ లోపల లెక్క ఎలా జరుగుతుందో తన కళ్లతో చూడాలనుకునేవారికి ఇంతకంటే మంచి బడి లేదు.

ఈ తరానికి దారి వేసింది అమెరికాలోని డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్. కెన్ ఓల్సెన్, హార్లన్ ఆండర్సన్ 1957లో మసాచుసెట్స్ రాష్ట్రం మేనార్డ్‌లో, పాత ఉన్ని మిల్లు భవనంలో దాన్ని మొదలుపెట్టారు. 1965లో వచ్చిన పీడీపీ-8 ధర 18,000 డాలర్లు. అప్పటికి అది నమ్మలేనంత చవక. 12 బిట్ల పదం, 4,096 పదాల మెమరీ, ఎనిమిదే ఎనిమిది మూల ఆదేశాలతో అది పనిచేసింది. ఆ కుటుంబం యంత్రాలు 50 వేలకు పైగా అమ్ముడయ్యాయి. 1970లో 16 బిట్ల పీడీపీ-11 వచ్చింది. అది లక్షల్లో అమ్ముడైంది. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ పుట్టింది అదే సంస్థ చేసిన పీడీపీ-7 మీదైతే, పెరిగింది పీడీపీ-11 మీద. డిజిటల్ నుంచి బయటికి వచ్చిన ఎడ్సన్ డి కాస్ట్రో బృందం డేటా జనరల్ సంస్థ పెట్టి 1969లో నోవా అనే మినీని తెచ్చింది. హ్యూలెట్ ప్యాకర్డ్ అంతకు మూడేళ్ల ముందే తన మినీని మార్కెట్‌లో పెట్టింది.

చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన దబ్బాల రాజగోపాల్ రెడ్డి (రాజ్ రెడ్డి) 1969లో అధ్యాపకుడిగా చేరిన కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం, ఆ తర్వాతి సంవత్సరాల్లో 16 పీడీపీ-11లను ఒకే మెమరీకి కలిపి సీ.ఎంఎంపీ అనే సమాంతర కంప్యూటర్‌ను నిర్మించింది. రాజ్ రెడ్డి బృందం కంప్యూటర్‌కు మనిషి మాట అర్థమయ్యేలా చేసిన పరిశోధన కూడా ఆ ప్రాంగణంలో, ఆ తరం యంత్రాల మధ్యనే సాగింది. 1994లో ఆయనకు ట్యూరింగ్ అవార్డు వచ్చింది.

తెలుగు నేల మీద మినీ కంప్యూటర్ కథ హైదరాబాద్‌దే. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో పుట్టిన అయ్యగారి సాంబశివరావు ముంబయిలోని ట్రాంబేలో అణుశక్తి సంస్థ ఎలక్ట్రానిక్స్ విభాగాన్ని పెంచి పెద్దచేశారు. అక్కడి పరిశోధనను ఫ్యాక్టరీ సరుకుగా మార్చడానికి 1967 ఏప్రిల్‌లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అంటే ఈసీఐఎల్, హైదరాబాద్‌లో ఏర్పడింది. దాన్ని నిలబెట్టిందీ ఆయనే. మోత్కూర్, భువనగిరి వైపు నుంచి నగరానికి వెళ్లేవారికి ఈసీఐఎల్ అంటే ఇప్పుడొక బస్సు బోర్డు, ఒక చౌరస్తా. దాని పక్కనున్న ఏఎస్ రావు నగర్ ఆయన పేరిట వెలిసిందే. ఈ దేశంలో రూపుదిద్దుకున్న తొలి మినీ కంప్యూటర్లు తయారైన చోటు అదేనన్న సంగతి మాత్రం ఆ చౌరస్తాలో రోజూ బస్సు మారేవారిలో కొద్దిమందికే తెలుసు.

ట్రాంబే డిజిటల్ కంప్యూటర్ అన్న పేరును కుదిస్తే టీడీసీ. మొదటిది టీడీసీ-12. 12 బిట్ల పదంతో పనిచేసే ఈ యంత్రాన్ని ట్రాంబే శాస్త్రవేత్తలు 1969లో సిద్ధం చేశారు. ఆ తర్వాత ఈసీఐఎల్ దాన్ని తయారీకి తీసుకుంది. 1970ల నడుమ టీడీసీ-312, దాని వెంటనే 16 బిట్ల టీడీసీ-316 వచ్చాయి. 1978 నాటికి మైక్రోప్రాసెసర్‌తో నడిచే మైక్రో-78 కూడా సిద్ధమైంది. టీడీసీలు పరిశోధన సంస్థలకు, విశ్వవిద్యాలయాలకు, అణుశక్తి, రక్షణ రంగాలకు వెళ్లాయి. ఐబీఎం దేశం వదిలిపోయింది 1978లోనే. మినీల తయారీకి ప్రైవేటు సంస్థలకు తలుపులు తెరుచుకున్నదీ ఆ ఏడాదే. అక్కడి నుంచి పోటీ పెరిగి, టీడీసీల కాలం ముగిసింది.

అమ్మకాల లెక్కలో డిజిటల్ సంస్థ లక్షలు చూస్తే ఈసీఐఎల్ చూసింది పదులే. ఈ తేడా మరమ్మతు వ్యాపకం మీద నేరుగా పడింది. లక్షల్లో అమ్ముడైన యంత్రానికి అటకల మీద, గోదాముల్లో ఎక్కడో ఒకచోట కొన్ని మిగులుతాయి. ఒకదాని బోర్డు తీసి మరొకదానికి పెట్టుకోవచ్చు. పదుల్లో తయారైన యంత్రానికి ఆ వీలు లేదు. పైగా మన దగ్గర ప్రభుత్వ కార్యాలయంలో పనికిరాకుండా పోయిన సామాను కండెమ్ చేసి, వేలం వేసి, స్క్రాప్ కింద అమ్మేయడమే పద్ధతి. కొన్నవాడికి కావలసింది ఇనుము, రాగి, బోర్డుల అంచు కాంటాక్టుల మీది పలుచని బంగారు పూత. ప్రపంచమంతటా పాత కంప్యూటర్లను ఎక్కువగా మింగింది ఆ బంగారు పూతే. టీడీసీ వంటి యంత్రం విషయంలో ఈ నష్టం మరీ పెద్దది. కరిగించిన బంగారం గ్రాముల్లో ఉంటుంది. పోయింది మాత్రం దేశం తన చేతులతో కంప్యూటర్ చేయడం నేర్చుకున్న తొలి పాఠాల్లో ఒకటి.

యంత్రం దొరికిందనుకుంటే మొదటి నియమం ఒక్కటే: స్విచ్ వేయకూడదు. ఇరవై, ముప్పై ఏళ్లు కరెంటు ఎరగని పవర్ సప్లైకి ఒక్కసారిగా పూర్తి వోల్టేజీ ఇస్తే అప్పటిదాకా బాగున్న బోర్డులు కూడా కాలిపోవచ్చు. ముందుగా ప్రతి బోర్డు ఏ గాడిలో ఉందో, ప్రతి కేబుల్ ఎటు తిరిగి ఉందో ఫొటోలు తీసి, చీటీలు కట్టాలి. తర్వాత బోర్డులన్నీ బయటికి తీసి, పవర్ సప్లైని ఒంటరిని చేయాలి.

అందులో అనుమానించవలసినవి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు. చేతి మందాన డబ్బాల్లా ఉండే వీటిలో అల్యూమినియం రేకు మీద అతి పలుచని ఆక్సైడ్ పొర ఉంటుంది. విద్యుత్తు అటు ఇటు దాటకుండా ఆపేది ఆ పొరే. కెపాసిటర్ ఏళ్ల తరబడి ఖాళీగా ఉంటే పొర పలచబడుతుంది. అప్పుడు పూర్తి వోల్టేజీ ఇస్తే లోపల కరెంటు కారి, వేడెక్కి, డబ్బా పగులుతుంది. అందుకే పెద్ద రెసిస్టర్ ద్వారా కొద్దికొద్దిగా వోల్టేజీ పెంచుతూ, కారే కరెంటు తగ్గేదాకా గంటలు, ఒక్కోసారి రోజులు ఆగుతారు. ఆ సమయంలో పొర తిరిగి కట్టుకుంటుంది. ఎంతసేపు ఆగినా కారడం తగ్గని కెపాసిటర్‌ను మార్చవలసిందే. కొందరు పాత డబ్బాను ఖాళీ చేసి, కొత్త చిన్న కెపాసిటర్‌ను అందులో దాచి పైరూపాన్ని నిలబెడతారు. ఈ పని చేసేటప్పుడు ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. స్విచ్ తీసేశాక కూడా ఈ డబ్బాలు చార్జ్‌ను పట్టుకునే ఉంటాయి. రెసిస్టర్ ఆనించి ఖాళీ చేయకుండా చెయ్యి పెట్టరాదు, ఒంటరిగా ఈ పనికి కూర్చోరాదు.

కెపాసిటర్లు కుదిరాక పవర్ సప్లైకి బోర్డులకు బదులు ఉత్త లోడు తగిలించి చూస్తారు. 5 వోల్టుల దగ్గర పదుల ఆంపియర్లు లాగే ఈ పరీక్షకు కారు హెడ్‌లైటు బల్బులు బాగా పనికొస్తాయి. లెక్క ప్రకారం వోల్టేజీ 4.75 నుంచి 5.25 మధ్య నిలవాలి. అప్పటి లాజిక్ చిప్పులు 7 వోల్టులు దాటితే తట్టుకోలేవు. రెగ్యులేటర్‌లో ఒక్క ట్రాన్సిస్టర్ షార్ట్ అయితే వందల చిప్పులు ఒక్క క్షణంలో పోతాయి. అందుకే అతి వోల్టేజీని పసిగట్టి సప్లైని ఆపే రక్షణ సర్క్యూట్ పనిచేస్తోందా లేదా అన్నది విడిగా పరీక్షించాకే ముందుకు వెళ్లాలి.

అమెరికాలో చేసిన యంత్రాన్ని ఇక్కడ నడపాలంటే మరో చిక్కు. అక్కడ 115 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇక్కడ 230 వోల్టులు, 50 హెర్ట్జ్. వోల్టేజీ తేడాను ట్రాన్స్‌ఫార్మర్ తీరుస్తుంది, హెర్ట్జ్ తేడాను తీర్చలేదు. డిస్కును, టెలిటైప్ అనే టైపు యంత్రాన్ని తిప్పే ఏసీ మోటార్లు 50 హెర్ట్జ్ మీద ఆరోవంతు నెమ్మదిగా తిరుగుతాయి. వేగం తప్పితే అక్షరాలే తప్పుతాయి. కాబట్టి కప్పీనో, పళ్లచక్రాల జతనో 50 హెర్ట్జ్ కొలతకు మార్చాలి. కరెంటు అలలను లెక్కపెట్టి టైము చెప్పే గడియారపు బోర్డు కూడా సెకనుకు 60కి బదులు 50 టిక్కులే ఇస్తుంది. ఆ సంగతి ప్రోగ్రాముకు చెప్పకపోతే గంటకు పది నిమిషాలు వెనకబడుతుంది.

ఇలాంటి పనికి నల్గొండ, మహబూబ్‌నగర్ మెరక ప్రాంతాల్లో ఒక అనుకూలత ఉంది. బోరు బావుల మీద బతికే ఈ నేలలో ప్రతి మండల కేంద్రంలోనూ మోటారు వైండింగ్ షాపులు ఉంటాయి. మోత్కూరూ అలాంటి ఊరే. కాలిన బోరు మోటారు విప్పి, చుట్లు లెక్కపెట్టి, అదే గేజీ రాగితీగతో తిరిగి చుట్టి, వార్నిష్ పట్టించడం అక్కడి మెకానిక్‌లకు చేయి తిరిగిన పని. పవర్ సప్లై ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయినా, 115 వోల్టులకు దించే కొత్తది చుట్టించాలన్నా కావలసింది సరిగ్గా ఆ నైపుణ్యమే.  ప్రతికూలతలూ ఉన్నాయి. ఎండాకాలం 44 డిగ్రీలు చేరే చోట ఫ్యాన్‌తో చల్లబడే యంత్రాన్ని పగటిపూట నడపడం సాహసమే. ఎర్రదుమ్ము ఫ్యాన్ల నుంచి లోపలికి చేరి, వానాకాలపు తేమతో కలిసి బోర్డుల మీద పొరకడుతుంది. వోల్టేజీ హెచ్చుతగ్గులకు మంచి స్టెబిలైజర్ తప్పదు.

శుభ్రం చేయడం నెమ్మదైన పని. దుమ్మును మెత్తని కుంచెతో లేపి వ్యాక్యూమ్‌తో లాగుతారు. కాంటాక్టులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడుస్తారు. పెన్సిల్ రబ్బరుతో రుద్దితే మెరుస్తాయి కానీ, దాంతోపాటు బంగారు పూత కూడా అరిగిపోతుంది. ఫ్యాన్ల ముందు వడపోతకు పెట్టిన స్పాంజి ఏళ్లకు జిగురుముద్దగా మారి లోపల రాలుతుంది. టేపు రీడర్ల రబ్బరు రోలర్లదీ అదే గతి. వీటిని మొదటే తీసేయాలి.

ఇక మెమరీ. తొలితరం మినీల్లో మెమరీ అంటే ఫెర్రైట్ కోర్. మిల్లీమీటరుకు తక్కువ వ్యాసం ఉన్న నల్లని అయస్కాంత ఉంగరాలను నిలువు, అడ్డం తీగల మీద అల్లి చాపలా పరుస్తారు. ఒక్కో ఉంగరం ఒక్కో బిట్. సవ్యదిశలో అయస్కాంతీకరిస్తే ఒకటి, అపసవ్యంగా అయితే సున్నా. 12 బిట్ల పదాలు 4,096 ఉన్న మెమరీలో 49,152 ఉంగరాలుంటాయి. చాలా చోట్ల ఈ చాపలను ఆడవాళ్లు మైక్రోస్కోపు కింద సూదితో అల్లారు. ఒక నిలువు తీగలోకి సగం కరెంటు, ఒక అడ్డం తీగలోకి సగం కరెంటు పంపితే, అవి కలిసే చోట ఉన్న ఒక్క ఉంగరానికే పూర్తి బలం అందుతుంది. అది తిరగబడితే మరో తీగలో చిన్న వోల్టేజీ మెరుస్తుంది. ఆ మెరుపే చదవడం. చదివితే ఉన్నది చెరిగిపోతుంది కనుక యంత్రం వెంటనే దాన్ని తిరిగి రాస్తుంది. కరెంటు పోయినా ఉంగరం తన దిశను మరవదు. అందుకే మరమ్మతు అయిన యంత్రాన్ని మొదటిసారి ఆన్ చేసినప్పుడు, దశాబ్దాల కిందట చివరిగా నడిచిన ప్రోగ్రాము ఇంకా మెమరీలో కనిపించడం కద్దు. జాగ్రత్తపరులు అందుకే పరీక్షలు మొదలుపెట్టే ముందు మెమరీలో ఉన్నదంతా చదివి దాచుకుంటారు.

కోర్ చాపలో తీగ తెగితే దాన్ని అతకడం దాదాపు అసాధ్యం. అదృష్టవశాత్తు లోపం అక్కడ ఉండేది అరుదు. ఎక్కువసార్లు పోయేవి తీగల్లోకి కరెంటు నడిపే ట్రాన్సిస్టర్లు, డయోడ్లు. ఏ చిరునామాల్లో తప్పులు వస్తున్నాయో పట్టిక రాస్తే దోషి తనంతట తానే బయటపడుతుంది. వరుసగా 64 పదాలు పోతే ఒక అడ్డం తీగ డ్రైవర్, ప్రతి పదంలోనూ ఒకే బిట్ పోతే ఆ బిట్ మెరుపును పెంచి చదివే సెన్స్ యాంప్లిఫయర్.

ఈ యంత్రాల అందం ముందుపలక. వరుసగా దీపాలు, వాటి కింద స్విచ్చులు. కీబోర్డు లేకుండానే స్విచ్చులతో ప్రోగ్రామును ఒక్కో పదం చొప్పున మెమరీలో వేయవచ్చు. పీడీపీ-8లో మూడేసి స్విచ్చులను ఒక అంకెగా చదువుతారు. అలా 0200 చిరునామా నుంచి వరుసగా 2205, 5200, 7001, 5200 వేసి, తిరిగి 0200 నుంచి నడిపించమంటే యంత్రం లెక్కపెట్టడం మొదలుపెడుతుంది. మొదటి ఆదేశం 0205లో ఉన్న అంకెను ఒకటి పెంచుతుంది, అది సున్నాకు వస్తే తర్వాతి ఆదేశాన్ని దాటేస్తుంది. రెండోది వెనక్కి పంపుతుంది. ఇలా 4,096 సార్లు తిరిగాక మూడో ఆదేశం, లెక్క ఫలితాన్ని పట్టి ఉంచే అక్యుమ్యులేటర్‌కు ఒకటి కలుపుతుంది, నాలుగోది మళ్లీ మొదటికి పంపుతుంది. ఒక మెమరీ చక్రానికి ఒకటిన్నర మైక్రోసెకన్లు పట్టే తొలి పీడీపీ-8లో అక్యుమ్యులేటర్ సుమారు 18 మిల్లీసెకన్లకు ఒకసారి పెరుగుతుంది. దాని విలువను చూపే దీపాల్లో కుడి చివరిది మినుకుమినుకుమంటుంటే, ఎడమ చివరిది దాదాపు 38 సెకన్లు ఆరి, అంతసేపు వెలుగుతుంది. ఈ నాలుగు పదాల ప్రోగ్రాము నడిచిందంటే మెమరీ, కూడిక సర్క్యూట్, ఆదేశాలను విడమర్చే లాజిక్, టైమింగ్ సర్క్యూట్ అన్నీ ఒక మేరకు సరిగా ఉన్నట్టే. ఏళ్ల మౌనం తర్వాత ఆ దీపాలు లెక్కపెట్టడం చూసిన గంట, ఈ వ్యాపకంలో ఉన్నవారందరికీ మరపురానిది.

అంతకుముందు ఓపిక పరీక్షించే గంటలు ఎన్నో ఉంటాయి. లోపం వెతకడానికి బోర్డును గాడి బయటికి ఎత్తిపట్టే పొడిగింపు కార్డు, మల్టీమీటర్, ఆసిలోస్కోప్, లాజిక్ అనలైజర్ కావాలి. వాటికంటే ముందు కావలసింది సర్క్యూట్ చిత్రం చదవడం. ఒక చిన్న ప్రోగ్రామును తిప్పుతూ, సంకేతం ఎక్కడిదాకా సరిగా వచ్చి ఎక్కడ ఆగిందో తీగ తర్వాత తీగగా చూసుకుంటూ పోతారు. దొరికే దోషం సాధారణంగా చాలా చిన్నది: చచ్చిన ఒక గేటు, పట్టు వదిలిన ఒక సోల్డర్, వెండిపూత నల్లబడిన చిప్ కాలు. 7400 వరుస టీటీఎల్ లాజిక్ చిప్పులు 1960ల్లో వచ్చినా, వాటి వారసులు ఇప్పటికీ అవే కాళ్ల అమరికతో తయారవుతున్నాయి. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్ దుకాణాల్లో రెసిస్టర్లు, కెపాసిటర్ల నుంచి ఇలాంటి చిప్పుల దాకా వెతుక్కోవచ్చు. జర్మేనియం ట్రాన్సిస్టర్లు, ముందుపలక బల్బులు, ప్రత్యేక కనెక్టర్లకు మాత్రం పాత సరుకే దిక్కు. యంత్రం కొంత నడవడం మొదలయ్యాక తయారీదారు ఇచ్చిన పరీక్షా ప్రోగ్రాములు పనికొస్తాయి. అవి ఒక్కో ఆదేశాన్ని వేల రకాలుగా నడిపించి, తప్పిన చోట ఆగుతాయి.

ప్రాసెసర్ కంటే కష్టపెట్టేవి దాని అనుబంధ యంత్రాలు. టెలిటైప్ మోడల్ 33 పూర్తిగా మీటలు, స్ప్రింగులు, క్లచ్‌ల పని. సెకనుకు పది అక్షరాలు కొట్టే దానికి ఎండిన గ్రీజు తీసి, తయారీదారు చెప్పిన చోటల్లా నూనె వేస్తేగానీ కదలదు. డిస్కు డ్రైవుల్లో రీడింగ్ హెడ్ పలక మీద గాలి పొరపై తేలుతూ వెళుతుంది. చిన్న దుమ్ము రేణువు చాలు, హెడ్ పలకను గీరి, ఉన్న సమాచారమంతా పోవడానికి. అందుకే డిస్కు పని అన్నిటికంటే చివర పెట్టుకోవాలి. అనుభవం లేనివారు దాని జోలికి పోకపోవడమే మంచిది.

మంచి మరమ్మతుకు ఒక మర్యాద ఉంది. చేసిన ప్రతి మార్పూ పుస్తకంలో తేదీతో రాయాలి, తీసిన భాగాన్ని సంచిలో పెట్టి దాచాలి, పాతదనాన్ని పోగొట్టే కొత్త రంగు వేయరాదు. కాలిఫోర్నియా మౌంటెన్‌వ్యూలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో వలంటీర్లు 2000ల నడుమ డిజిటల్ సంస్థ చేసిన పీడీపీ-1ను ఈ పద్ధతిలోనే బాగుచేశారు. 1960ల మొదట్లో ఎంఐటీ యువకులు దాని కోసం రాసిన స్పేస్‌వార్ ఆటను సందర్శకులు అదే యంత్రం తెర మీద ఆడగలిగారు. అయితే మ్యూజియంలో చేరితే యంత్రం భద్రమని కాదు. మైక్రోసాఫ్ట్ వ్యవస్థాపకుల్లో ఒకరైన పాల్ అలెన్ సియాటిల్‌లో నెలకొల్పిన లివింగ్ కంప్యూటర్స్ మ్యూజియం నడుస్తున్న పాత యంత్రాలకు పేరుపొందింది. అది 2020లో మూతపడింది. 2024లో దాని సంపదలో కొంత వేలానికి వెళ్లింది.

ఆ మ్యూజియంలోనే 2019లో జరిగిన ఒక సంగతి ఈ వ్యాపకానికి అసలైన మూలధనం ఏమిటో చెబుతుంది. పీడీపీ-7 మీద పుట్టిన తొలి యూనిక్స్ ప్రోగ్రాము టేపుల మీద మిగల్లేదు. కాగితం మీద అచ్చయిన దాని లిస్టింగులు మాత్రం ఒకచోట మిగిలాయి. 2016లో వాటి స్కాన్లు బయటపడ్డాక, ఔత్సాహికులు వరుస వరుసగా టైపు చేసి, తప్పులు దిద్ది, ముందు ఎమ్యులేటర్‌లో, అంటే యంత్రాన్ని అనుకరించే సాఫ్ట్‌వేర్‌లో నడిపారు. తర్వాత సియాటిల్‌లోని నిజమైన పీడీపీ-7 మీద అది నడిచింది. ఇనుము లేకపోయినా కాగితం ఉంటే యంత్రాన్ని తిరిగి కట్టవచ్చు. కాగితం పోతే ఇనుము మూగబోతుంది.

ఇదే సూత్రం మీద నిలిచింది సిమ్‌హెచ్. డిజిటల్ సంస్థలో పనిచేసిన బాబ్ సప్నిక్ మొదలుపెట్టిన ఈ ఎమ్యులేటర్, పాత మినీల పనితీరును మాన్యువళ్లలో ఉన్నట్టు సాఫ్ట్‌వేర్‌లో అనుకరిస్తుంది. ఆస్కార్ వెర్ములెన్ తయారుచేసిన పీడీపీ నమూనాలు ఇంకో అడుగు వేశాయి. వాటి ముందుపలక, దీపాలు, స్విచ్చులు అచ్చం పాతవాటిలాగే ఉంటాయి, లోపల మాత్రం రాస్‌బెర్రీ పై మీద సిమ్‌హెచ్ నడుస్తుంది. బీరువా అంత యంత్రం కొనే స్తోమత, దాన్ని పెట్టుకునే గది లేనివారికి ఇది సరైన మొదటి మెట్టు. సోల్డరింగ్ నేర్చుకున్న ఇంటర్ విద్యార్థి కూడా దీన్ని బిగించుకోగలడు. అమెరికా యంత్రాల మాన్యువళ్లు, సర్క్యూట్ చిత్రాలు లక్షల పేజీలుగా బిట్‌సేవర్స్ అనే డిజిటల్ భాండాగారంలో ఎవరికైనా దొరుకుతున్నాయి కాబట్టే ఇదంతా వీలైంది. మరమ్మతును వ్యాపకంగా కాక, పనిగా చేసేవారూ ఉన్నారు. కెనడా అణు విద్యుత్ కేంద్రాల్లోని పీడీపీ-11లను 2050 దాకా నడపాలన్న ఉద్దేశంతో జీఈ కెనడా 2013లో ఆ యంత్రం అసెంబ్లీ భాష తెలిసినవారి కోసం వెతికింది.

టీడీసీలకు కూడా ఇలాంటి భాండాగారం కావాలి, అదీ త్వరగా. ఆ యంత్రాలను డిజైన్ చేసినవారు, బోర్డులు పరీక్షించినవారు, ఊరూరా వెళ్లి బిగించి వచ్చిన సర్వీస్ ఇంజినీర్లు ఇప్పుడు ముదిమి వయసులో ఉన్నారు. వారి ఇళ్ల అటకల మీద శిక్షణ నోట్సు, ఆదేశాల పట్టిక, సర్క్యూట్ చిత్రాల కట్ట, కాగితపు టేపు చుట్ట మిగిలి ఉండొచ్చు. ఏ లోపానికి ఏ మందు వేసేవారో వారి జ్ఞాపకంలోనే ఉంటుంది. దాన్ని రికార్డు చేయడానికి ఫోన్ చాలు. చిత్రాలను మడతలు విప్పి, అంచులు తెగకుండా, అక్షరాలు స్పష్టంగా కనిపించేంత సైజులో స్కాన్ చేయాలి. మూలలో ఉండే సవరణ సంఖ్యను వదలరాదు, ఎందుకంటే ఒకే బోర్డు డిజైన్ కాలక్రమంలో మారి ఉండవచ్చు.

కాగితపు టేపు దొరికితే పాత రీడర్ కోసం ఆగనక్కరలేదు. అంగుళం వెడల్పు టేపులో అడ్డంగా ఎనిమిది డేటా రంధ్రాల దాకా, వాటి మధ్య టేపును లాగే చిన్న రంధ్రాల వరుస ఉంటాయి. రంధ్రం ఉంటే ఒకటి, లేకుంటే సున్నా. టేపును గట్టిగా లాగకుండా, వెలుతురు వెనకనుంచి పడేలా పరిచి, ముక్కలు ముక్కలుగా ఫొటోలు తీసి, చిన్న ప్రోగ్రాముతో రంధ్రాలను అంకెలుగా మార్చవచ్చు. చాలా టేపుల చివర చెక్‌సమ్ ఉంటుంది. చదివిన అంకెల మొత్తం దానితో సరిపోతే టేపు తప్పుల్లేకుండా చేతికి వచ్చినట్టే. సరిపోకపోతే చిరిగిన చోటునో, మూసుకుపోయిన రంధ్రాన్నో వెతికి మళ్లీ చదవాలి.